బ్యాచ్ మొత్తానికి ఇరవై ఎనిమిది

తెలంగాణ రాష్ట్రం వచ్చిన మరుసటి ఏడు, ఫిబ్రవరిలో జరిగిన సంగతి ఇది. అప్పటికి నేను అబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషనుకు పోయే దారిలో, ఒక సందులో ఉన్న బాలికల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్ని. ఆ ఏడు ఇంటర్ రెండో సంవత్సరం ప్రాక్టికల్ పరీక్షలకు నన్ను ఇంటర్నల్ ఎగ్జామినర్‌గా వేశారు. అంటే ల్యాబు సిద్ధం చేయడం, పరీక్ష సజావుగా జరిగేట్టు చూడడం నా బాధ్యత. మార్కులు వేసే అధికారం మాత్రం బోర్డు పంపించే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌ది. వంట మనది, వడ్డన ఆయనది అని స్టాఫ్ రూములో అనుకునేవాళ్ళం.

ఆ రోజుల్లో నాంపల్లి రోడ్డు మీద ఒకవైపు మెట్రో స్తంభాలు లేస్తున్నాయి, ఇంకోవైపు అక్కడ ఏటా జరిగే ఎగ్జిబిషన్‌కు వచ్చే జనం. దుమ్ము లోపలికి రాకుండా ల్యాబు కిటికీలు మూసే ఉంచేదాన్ని. త్రాసు మీద దుమ్ము పడితే నాకు ఒంటి మీద జెర్రి పాకినట్టు ఉంటుంది. ఇది నా సుగుణమని కొందరు, రోగమని కొందరు అనేవారు. మా వారు రెండో జట్టులో ఉండేవారు.

టైట్రేషన్ అంటే తెలియనివారికి రెండు మాటలు చెబుతాను. ఆమ్లం, క్షారం ఒకదాన్నొకటి విరిచేస్తాయి. ఎంత గాఢత ఉందో ముందే తెలిసిన ఆమ్లాన్ని పిపెట్టు అనే గాజు గొట్టంతో కచ్చితంగా కొలిచి ఒక ఫ్లాస్కులో పోస్తారు. దాన్ని స్టాండర్డ్ ద్రావణం అంటారు. అందులో రంగు మారి జాడ చెప్పే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలు వేస్తారు. ఇక పైన బ్యూరెట్టు అనే, గీతలూ కొళాయీ ఉన్న పొడవాటి గొట్టం నుంచి, గాఢత తెలియని క్షారాన్ని చుక్కచుక్కగా వదులుతారు. ఆమ్లం పూర్తిగా విరిగిపోయిన మరుక్షణం ఫ్లాస్కులోని నీళ్ళు లేత గులాబీ రంగుకు తిరుగుతాయి. అక్కడ ఆపి, ఎన్ని మిల్లీలీటర్లు దిగిందో చూసి, క్షారం గాఢత లెక్క కడతారు. మా పరీక్షల్లో స్టాండర్డ్‌గా వాడే ఆమ్లం ఆక్జాలిక్ ఆసిడ్, కనుక్కోవలసిన క్షారం సోడియం హైడ్రాక్సైడ్.

చెప్పడానికి ఇంతే. చేసేటప్పుడు మాత్రం అడుగడుగునా జారిపోయే చోట్లుంటాయి. బ్యూరెట్టు ముక్కులో గాలిబుడగ మిగిలితే రీడింగు ఎక్కువొస్తుంది. పైన గరాటు తీయకుండా వదిలేస్తే అందులోని చుక్క తర్వాత జారి లెక్క చెడగొడుతుంది. పిపెట్టు చివర మిగిలే చుక్కను నోటితో ఊదకూడదు, అది కొలతలో భాగం కాదు. కంటిని ద్రవం మట్టానికి సరిగ్గా ఎదురుగా పెట్టాలి. పైనుంచి వంగి చూస్తే ఒక అంకె, కిందినుంచి చూస్తే ఇంకో అంకె కనిపిస్తుంది. రంగు విషయంలో పిల్లలందరూ చేసే పొరపాటు ఒకటుంది. అందంగా ఉందని ముదురు గులాబీ దాకా పోతారు. గులాబీ వచ్చిందా లేదా అని అనుమానం వచ్చేంత లేతగా ఉన్నప్పుడే ఆపాలి.

ఇక్కడ మా వృత్తిలోని ఒక ఆచారం కూడా చెప్పక తప్పదు. చాలా కాలేజీల్లో పరీక్ష రోజున 'ఇరవై దగ్గర ఆపండమ్మా' అనే మాట ఒకటి ల్యాబంతా గాలిలో తిరుగుతుంది. ఎవరు అన్నారో ఎవరికీ తెలియదు. పిల్లలు బ్యూరెట్టు వంక ఓసారి మర్యాదకు చూసి, ఇరవై, ఇరవై, ఇరవై అని మూడుసార్లు రాసి, లెక్క కట్టి ఇచ్చేస్తారు. ఎగ్జామినరుకు సుఖం, కాలేజీకి సుఖం, పిల్లలకు మార్కులు. నాకు మాత్రం ఆ మాట వింటే మండుకొచ్చేది. నా ల్యాబులో ఆ గాలి వీచనివ్వలేదు. "రాజ్యలక్ష్మి గారి పిల్లలకు నిజాలొస్తాయి, మా పిల్లలకు మార్కులొస్తాయి" అని మా ఫిజిక్స్ లెక్చరర్ ఏడిపించేది. రెండూ వస్తాయని నేను దబాయించేదాన్ని. ఆ సంవత్సరం దాకా ఆ మాట నిరూపించే అవసరం రాలేదు.

ఆ ఏటి బ్యాచ్‌లో మాధవి అని ఒక పిల్ల ఉండేది. ఉస్మాన్‌గంజ్‌లో వాళ్ళ నాన్న ఒక పప్పుల హోల్‌సేల్ దుకాణంలో గుమాస్తా. పిల్ల చురుకైనదే గాని ఓపిక తక్కువ. మొదట్లో ఒకరోజు నా దగ్గరికి వచ్చి, "మేడం, ఒకసారి ఇరవై వచ్చింది, ఇంకోసారి పంతొమ్మిది పాయింట్ ఎనిమిది వచ్చింది. రెండూ ఇరవయ్యే రాస్త, ఏమైతది?" అంది. నీ కంటికి కనిపించింది రాయి, ఎంత రావాలో ఆలోచించడం నీ పని కాదు అన్నాను. కొంచెం గట్టిగానే అన్నాననుకుంటాను, ఎందుకంటే ఆ తర్వాత ఆ పిల్ల ఎంత విసుగొచ్చినా కనిపించిన అంకె తప్ప ఇంకొకటి రాయలేదు. ఈసారి పాసైతే బీఫార్మసీ, లేదంటే నాన్న పనిచేసే దుకాణంలోనే బిల్లులు రాయడం అని ఇంట్లో తేల్చి చెప్పారని నాకు తెలుసు. మిగతా పిల్లల పరిస్థితీ దాదాపు అంతే.

బోర్డు పంపిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ పేరు యాదగిరి గారు. నల్గొండ వైపు కాలేజీలో సీనియర్ లెక్చరర్. ఎగ్జామినర్ వస్తే అబిడ్స్ హోటల్ నుంచి బిర్యానీ తెప్పించడం అన్ని కాలేజీల్లోనూ రివాజు. ఆయన తన టిఫిన్ డబ్బా తానే తెచ్చుకున్నారు. టీ కూడా వద్దన్నారు. ఆ ఒక్కదానితో నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

పొద్దున బ్యాచ్ నేను చేసి ఉంచిన ద్రావణాలతో హాయిగా ముగిసింది. మధ్యాహ్నం బ్యాచ్ మొదలుకాక ముందు యాదగిరి గారు నన్ను పిలిచి, "ఈసారి సొల్యూషన్లు నేనే చేస్త మేడం. ఇంటర్నలే చేస్తే పిల్లలకు ఆన్సర్ ముందే తెలుసని అంటరు గదా. మీరు జర బయటుంటే మంచిగుంటది" అన్నారు. నాకూ అదే కావాలి. సంతోషంగా వరండాలోకి వచ్చేశాను.

ఆయన పని పద్ధతి ప్రకారమే చేశారు. నేను ముందే గాఢత తేల్చి ఉంచిన క్షారాన్ని తన చేత్తో కొలిచి, పలచన చేసి, కావలసిన గాఢతకు తెచ్చారు. మా పాత సీసాలో ఆక్జాలిక్ ఆసిడ్ అడుగంటింది గనక, అబిడ్స్‌లోని సైన్సు సామాన్ల దుకాణం నుంచి అంతకు ముందే వచ్చిన కొత్త డబ్బా విప్పారు. లీటరుకు ఆరు పాయింట్ మూడు గ్రాములు తూచి కరిగించారు. ఈ ఆరు పాయింట్ మూడు అనే అంకె మా తరం కెమిస్ట్రీ వాళ్ళకు ఇంటిపేరు లాంటిది. నిద్రలో లేపి అడిగినా ఆక్జాలిక్ ఆసిడ్ ఎంత తూచాలో చెబుతాం. పుస్తకం చూసుకోవడం నామోషీ.

పరీక్ష మొదలైంది. పద్దెనిమిది మంది ఆడపిల్లలు తెల్లకోట్లు వేసుకుని బ్యూరెట్ల ముందు నిలబడ్డారు. నేను అటెండెన్సు చూసుకుంటూ తిరుగుతున్నాను. ఒకరిద్దరి బ్యూరెట్లలో మట్టం ఇరవై దాటి ఇంకా కిందికి పోవడం కనిపించింది. ఆయన ఎంత గాఢత పెట్టారో నాకు తెలియదు గనక పట్టించుకోలేదు.

పేపర్లు తీసుకున్నాక యాదగిరి గారు పిల్లలను వరండాలోకి పంపారు. కాసేపటికి ల్యాబు పక్కనే ఉన్న త్రాసు గదిలోకి నన్ను పిలిచారు. పేపర్లన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. రావలసింది ఇరవై మిల్లీలీటర్లు. పిల్లలు రాసింది ఇరవై ఎనిమిది. ఒకరు ఇరవై ఏడు పాయింట్ తొమ్మిది, ఇంకొకరు ఇరవై ఎనిమిది పాయింట్ ఒకటి. అంతకు మించి ఎవరూ అటూ ఇటూ కదల్లేదు. క్షారం గాఢత పాయింట్ ఒకటి మొలార్ రావాలి. అందరికీ పాయింట్ సున్నా ఏడు ఒకటి వచ్చింది.

"చూసిన్రా మేడం," అన్నారు యాదగిరి గారు, "ఒప్పు అందరికీ ఒక్కతీరు రావొచ్చు. తప్పు ఒక్కతీరు రాదు. ఒక్కరు రాసిన్రు, అందరు ఎక్కిచ్చుకున్రు. నేను మాల్‌ప్రాక్టీస్ కింద రాయాల్సిందే."

మాల్‌ప్రాక్టీస్ అనే మాట పరీక్షల్లో ఎంత బరువైనదో బయటివారికి తెలియదు. అది బోర్డుకు వెళితే విచారణ, ప్రాక్టికల్ రద్దు, ఫలితం ఆపివేత. పిల్లలకు ఒక సంవత్సరం గల్లంతు. నాకు కోపం వచ్చింది. కాలేజీలన్నీ అంకెలు వండి వారుస్తుంటే, కనిపించింది రాయండి అని నేను నేర్పిన పిల్లలు కాపీ కేసులో ఇరుక్కోవడమా? నా మాట విన్నందుకే ఈ గతి పట్టింది వాళ్ళకు. వేరే కాలేజీలో అయితే ఇరవై రాసేసి ఈపాటికి ఎగ్జిబిషన్‌లో జెయింట్ వీల్ ఎక్కుతూ ఉండేవారు.

ఆయన మాధవిని లోపలికి పిలిచారు. ఎవరిది చూసి రాశావని అడిగారు. పిల్ల బెదిరింది గాని గొంతు తడబడలేదు.

"నాకు ఇరవై ఎనిమిదే వచ్చింది సార్. మూడుసార్లు చేసిన. పక్కోళ్ళది నేను చూడలే. ఎంత రావాల్నో నాకెట్ల తెలుస్తది?"

ఈ లోపు ప్రిన్సిపాల్ గారు వచ్చారు. ఆయన గొడవలంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. సంగతంతా విని, ఆడపిల్లల భవిష్యత్తు అంటూ యాదగిరి గారిని బతిమాలారు. యాదగిరి గారు కొంచెం మెత్తబడ్డారు. "సరే, నాకు గూడ బిడ్డలున్నరు. కొత్త పేపర్లు ఇస్త. ఇరవై ఏసి లెక్క కట్టి ఇయ్యమనున్రి. ఈ పేపర్లు చింపేస్త" అన్నారు. ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది. అమ్మయ్య, తీరిపోయింది, రాయించేయండి రాజ్యలక్ష్మి గారూ అన్నారు.

దారి ఎంత సులువుగా ఉందో చూడండి. ఒక్క అంకె మారిస్తే చాలు, పద్దెనిమిది మంది గట్టెక్కుతారు. మాధవి నా వంక చూస్తూ, "మీరు రాయమంటే రాస్త మేడం. కాని నాకొచ్చింది గది కాదు" అంది. ఇప్పుడు ఇరవై రాస్తే ఆ పిల్లలు మొదటిసారిగా నిజంగానే కాపీ కొట్టినవాళ్ళవుతారు. అదీ నా చేతుల మీదుగా. రాయించనని చెప్పేశాను. ప్రిన్సిపాల్ గారు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అందులో ప్రేమ ఏమీ లేదు.

రాయించనని అనడం సులువు. నా మొండితనానికి మూల్యం చెల్లించాల్సింది నేను కాదు, వరండాలో నిలబడ్డ పిల్లలు. అందుకని కోపం మింగి, మా విద్యకు సంబంధించిన మాట మాట్లాడాను. తప్పు ఒకేలా వస్తే కాపీ అనే సూత్రం థియరీ పేపర్లకు సరిపోతుంది సార్ అన్నాను. అక్కడ తప్పు బుర్రలో పుడుతుంది, ఏ బుర్ర తప్పు ఆ బుర్రదే. ఇక్కడ తప్పు చేతిలోనూ కంటిలోనూ పుడుతుంది. ఒకరు చుక్క ఎక్కువ వదులుతారు, ఒకరు మట్టం పైనుంచి చూస్తారు, ఒకరు బుడగ వదిలేస్తారు. చేతులు తప్పితే రీడింగులు చెల్లాచెదురవుతాయి. అందరూ ఒకే చోట తప్పారంటే, అందరికీ ఉమ్మడిగా ఉన్నదేదో తప్పి ఉండాలి. ఉమ్మడిగా ఉన్నవి రెండే, ఆ రెండు సీసాలు.

ఆ రెండు సీసాలూ చేసింది ఆయనే.

"అంటే తప్పు నేను చేసిన్నంటరా?" అన్నారాయన.

అలా అనలేదు, మీరే ఒక్కసారి టైట్రేట్ చేసి చూడమంటున్నాను అన్నాను.

"నేను పరీక్ష పెట్టనీకి వచ్చిన మేడం, రాయనీకి రాలే."

మనిషి నిజాయితీపరుడే, కాని ఆ నిజాయితీకి ముక్కు మీద ఈగ వాలకూడదు. పొద్దున ఏర్పడిన గౌరవం కొంత కరిగిపోయింది. అయినా అలాంటి మనిషిని ఒప్పించాలంటే ఆయన చేతికే పగ్గాలు ఇవ్వాలి. అందుకని ఇలా అడిగాను. మీరు ఈ గదిలో ఒంటరిగా క్షారాన్ని మూడు వేరువేరు గాఢతలకు పలచన చేయండి. ఎవరికీ చెప్పవద్దు. మీకు తోచిన ముగ్గురు పిల్లలను మీరే ఎంచుకోండి. ముగ్గురినీ ల్యాబులో మూడు మూలల్లో, ఒకరికొకరు వీపు పెట్టి నిలబెట్టండి. స్టాండర్డ్ ద్రావణం మాత్రం మీరు చేసినదే ఉండనివ్వండి. నేనూ ప్రిన్సిపాల్ గారూ బయట ఉంటాం. కాపీ కొట్టే పిల్లలైతే ఈ ముగ్గురికీ ఏవో పొంతన లేని అంకెలు వస్తాయి. చేతులు మంచివైతే మూడు తప్పులూ ఒకే నిష్పత్తిలో ఉంటాయి.

నిష్పత్తి అనే మాట పనిచేసిందనుకుంటాను. ఆయన గడ్డం గోక్కుని, "ఔ, అది సరే" అన్నారు.

ముగ్గురిలో మొదటి పేరు మాధవిదే పిలిచారు. ఎదురుతిరిగి జవాబు చెప్పిన పిల్లనే మొదట పట్టుకోవాలని ఆయనకు అనిపించి ఉంటుంది. నేను వరండాలో, తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఏమీ చేయలేకపోవడం అంత కష్టమని నాకు అప్పుడే తెలిసింది. మిగతా పిల్లలు నా చుట్టూ మూగారు. ఏమైతది మేడం అని అడుగుతుంటే, ఏమీ కాదు, నిలబడండి అని కసిరాను.

మాధవి బ్యూరెట్టును ముందు ఆ క్షారంతోనే కడిగింది. ముక్కులోంచి కొంచెం ధారగా వదిలి బుడగ పోగొట్టింది. గరాటు తీసి పక్కన పెట్టింది. పిపెట్టు చివర చుక్కను ఊదకుండా ఫ్లాస్కు గోడకు ఆనించి ఊరుకుంది. ఫ్లాస్కు కింద తెల్లకాగితం వేసుకుంది. నేను నేర్పినదాంట్లో ఒక్కటీ వదల్లేదు. చివరికి వచ్చేసరికి కొళాయి తిప్పే వేళ్ళు నెమ్మదించాయి. ఒక చుక్క, ఫ్లాస్కు ఊపడం, మళ్ళీ ఒక చుక్క. ఈ పిల్లకు ఏమైనా కానీ, టైట్రేషన్ మాత్రం వచ్చు అనుకున్నాను.

ముగ్గురూ అంకెలు ఇచ్చి బయటికి వచ్చాక యాదగిరి గారు మమ్మల్ని పిలిచారు. తను దాచుకున్న అసలు గాఢతలను ఒక్కొక్కటిగా పిల్లల విలువలతో భాగిస్తూ కాలిక్యులేటర్ నొక్కుతున్నారు. మాధవికి ఇచ్చినది పాయింట్ సున్నా ఎనిమిది. ఆ పిల్లకు వచ్చింది పాయింట్ సున్నా ఐదు ఏడు. భాగిస్తే ఒకటి పాయింట్ నాలుగు. రెండో పిల్లకు అన్నిటికంటే గాఢమైనది ఇచ్చారు. అక్కడా ఒకటి పాయింట్ నాలుగే. మూడో పిల్లదీ అంతే. ఆయన మళ్ళీ మొదటినుంచి నొక్కారు. మళ్ళీ అదే వచ్చింది.

ఆయన కాలిక్యులేటర్ పక్కన పెట్టారు. చొక్కా చేతులు పైకి మడిచి, పరీక్షకు వాడిన అసలు సీసాలు ముందుకు లాక్కుని, ఒక పిపెట్టు కడుక్కున్నారు. పరీక్ష రాయడానికి రాలేదన్న మనిషి బ్యూరెట్టు ముందు నిలబడి, ఒంటికన్ను మూసి మట్టం సరిచూసుకున్నారు. చెయ్యి తిరిగిన మనిషి, చూడముచ్చటగా చేశారు. ఫ్లాస్కులో లేత గులాబీ నిలిచింది. వంగి రీడింగు చూశారు. నేనూ చూశాను. ఇరవై ఎనిమిది.

ఎవరిది చూసి రాశారు సార్ అని అడగాలని నా నాలుక దురద పెట్టింది. అడగలేదు. అందుకు ఇప్పటికీ నన్ను నేను మెచ్చుకుంటాను.

దానికి బదులు, నూట ఇరవై ఆరును తొంభైతో భాగించి చూడండి సార్ అన్నాను. ఆయన కాలిక్యులేటర్ ముట్టుకోలేదు. కొత్త డబ్బా వైపు తిరిగారు. ఒకటి పాయింట్ నాలుగు అని ఆయనకూ అప్పుడే వెలిగింది.

సంగతి ఇది. మేం వాడే ఆక్జాలిక్ ఆసిడ్ స్ఫటికాల్లో కొంత నీరు బందీగా ఉంటుంది. నీటితో కలిపి దాని అణుభారం నూట ఇరవై ఆరు. నీరు లేని రకం కూడా ఒకటి దొరుకుతుంది, దాని అణుభారం తొంభై. నానిన పప్పు కిలో, ఎండు పప్పు కిలో ఒకటి కానట్టే, ఈ రెండూ ఒకే తూకం తూస్తే ఒకే ఆమ్లం కాదు. ఆరు పాయింట్ మూడు అనే అంకె నీరున్న రకానికే చెల్లుతుంది. నీరు లేనిది అంతే తూస్తే ఆమ్లం ఒకటి పాయింట్ నాలుగు రెట్లు పడుతుంది. ఆ ఆమ్లాన్ని విరవడానికి క్షారం కూడా అన్ని రెట్లు కావాలి. ఇరవైకి ఒకటి పాయింట్ నాలుగు రెట్లు ఇరవై ఎనిమిది. దుకాణంవాళ్ళు పెద్ద డ్రమ్ములోంచి విడి డబ్బాలో పోసి, ఆక్జాలిక్ ఆసిడ్ అని మాత్రం అతికించి పంపారు. ఆరు పాయింట్ మూడు నోటికి రాని మనిషైతే ఇదేం రకమని ఒకసారి అడిగేవాడు. నోటికి వచ్చింది గనకే ఆయన అడగలేదు. ఆయన చోట నేనున్నా అడిగేదాన్ని కాదు.

అయినా అనుమానం తీరాలి కదా. పాత సీసా అడుగున మిగిలిన నాలుగు పలుకులు ఒక పరీక్షనాళికలో, కొత్త డబ్బాలోది కొంచెం ఇంకో నాళికలో వేసి సన్నని మంట మీద వెచ్చబెట్టాం. పాతది తన నీళ్ళలో తానే కరిగి, నాళిక గోడల మీద చెమట పట్టింది. కొత్తది పొడిపొడిగా అలాగే ఉంది. నేను దుకాణానికి ఫోన్ చేశాను. "ఎప్పటి మాల్ ఖతమైంది మేడం, గందుకే నీళ్ళు లేని మాల్ పంపినం. గదింకా మంచిది, ప్యూర్ ఉంటది" అన్నాడు యజమాని. అతను అబద్ధం కూడా చెప్పలేదు. ఫోన్ పెట్టేశాక నాకు నవ్వు ఆగలేదు. అప్పటిదాకా బిగుసుకున్నదంతా ఆ నవ్వులో వదిలింది. యాదగిరి గారూ నవ్వారు.

తర్వాత ఆయన చేసిన పని చెప్పి తీరాలి, లేకపోతే అన్యాయం అవుతుంది. స్టాండర్డ్ అసలు గాఢతతో ఒక్కొక్క పేపరు లెక్క తన చేత్తో తిరిగి కట్టారు. ఇరవై ఎనిమిది వేసి కడితే ప్రతి పేపరులోనూ క్షారం గాఢత పాయింట్ ఒకటికే వచ్చింది. కొద్దిగా అటూ ఇటూ ఉన్నవి పరీక్షలో ఒప్పుకునే తేడాలోనే ఉన్నాయి. రీడింగుకు ఉన్న మార్కులు పద్దెనిమిది మందికీ పూర్తిగా వేశారు. స్టాండర్డ్ తయారీలో పొరపాటు తనదేనని బోర్డుకు పంపే రిపోర్టులో స్పష్టంగా రాసి సంతకం పెట్టారు. అలా రాయకపోయినా అడిగేవారు లేరు. కరిగిన గౌరవం నాకు వడ్డీతో సహా తిరిగి వచ్చింది.

అప్పుడు పిల్లలను లోపలికి పిలిచారు. వాళ్ళు గోడకు ఆనుకుని వరసగా నిలబడ్డారు. కేసు లేదని, అందరికీ మార్కులు వచ్చాయని చెప్పారు. ముందు ఎవరికీ అర్థం కాలేదు. మాధవే అడిగింది, "గట్లయితే మా రీడింగ్ ఒప్పా సార్, తప్పా?"

"మీ రీడింగ్ ఒప్పు బిడ్డ. నా సీసా తప్పు" అన్నారాయన. నా వైపు తిరిగి, "మీ పిల్లల చేతులు మంచిగున్నయి మేడం. నేను సర్వీసులో గింత దగ్గరదగ్గర రీడింగులు చూడలే. గందుకే నమ్మలే" అన్నారు.

నా ఉద్యోగ జీవితంలో నాకు రెండుసార్లు శాలువా కప్పారు. ఆ రెండూ ఎక్కడున్నాయో కూడా ఇప్పుడు గుర్తులేదు. ఈ మాట మాత్రం పొల్లు పోకుండా గుర్తుంది. ఆ సాయంత్రం నాంపల్లి నుంచి హిమాయత్‌నగర్ దాకా ఆటోలో వెళుతూ, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, ఆటో డ్రైవరు విసుక్కుంటున్నా, నేను ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చున్నాను. గెలిచానని అంత గట్టిగా అనిపించిన రోజు ఇంకొకటి లేదు. మర్నాడు స్టాఫ్ రూములో ఫిజిక్స్ లెక్చరర్‌కు కథంతా వినిపించి, నిజాలూ మార్కులూ రెండూ వచ్చాయని చెప్పాను. ఆమె టీ తెప్పించింది. మాధవి ఆ ఏడే బీఫార్మసీలో చేరింది.

వృత్తిపరంగా ఈ సంఘటన నాకు నేర్పినవి రెండు. రీడింగులన్నీ ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వేరు, నిజానికి దగ్గరగా ఉండడం వేరు. మొదటిది చేతిపని, రెండోది సీసా మీద ఆధారపడ్డ పని. చెదిరిన తప్పు కనిపిస్తే మనుషుల చేతులు చూడాలి. కట్టగట్టుకుని వచ్చిన తప్పు కనిపిస్తే ముందు వాళ్ళకు మనం ఏమిచ్చామో చూడాలి. ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా, ఏ కొత్త డబ్బా వచ్చినా అందులోని సరుకుతో ముందు నేనొక టైట్రేషన్ చేసి గాని పిల్లల చేతికి ఇవ్వలేదు.

రెండోది అంతకంటే ముఖ్యమైనది. ఆ రోజు మమ్మల్ని కాపాడింది నా వాదన కాదు. నేను ఎంత వాదించినా, ఆ బల్ల మీది పేపర్లలో సగం ఇరవై అనీ, సగం ఇరవై ఎనిమిది అనీ ఉంటే నా నోరు పడిపోయేది. పొద్దున బ్యాచ్‌కు ఇరవై వచ్చిందని ఆ పిల్లల్లో చాలామందికి ముందే తెలుసని నాకు తర్వాత తెలిసింది. మధ్యాహ్నం గేటు దగ్గరే విన్నారట. విని కూడా, బ్యూరెట్టు మట్టం ఇరవై దాటి కిందికి పోతుంటే చూస్తూ చుక్కలు వదిలారు. గులాబీ వచ్చిన చోటే ఆపి, వచ్చిందే రాశారు. పద్దెనిమిది మందిలో ఒక్కరు కూడా ఇరవై రాయలేదు.